హోదా పదివేలు, జీఎస్టీ అదనం

మధ్యతరగతి మనిషికి హోదా ఫోన్లో వస్తుంది. అదీ సరిగ్గా పప్పులో నెయ్యి కలుపుకునే వేళకి. "సర్, మీ ట్రాక్ రికార్డు చూసి మా బ్యాంకు మిమ్మల్ని ప్రీమియం క్రెడిట్ కార్డుకి ఎంపిక చేసింది" అంటుంది అవతలి గొంతు. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ అంత గౌరవంగా ఎంపిక చేయలేదు. ఇంతకీ ఆ ట్రాక్ రికార్డు ఏమిటయ్యా అంటే, ప్రతినెలా గడువులోపు బిల్లు మొత్తం కట్టేయడం. అంటే దుకాణాల వాళ్లిచ్చే కమీషన్ తప్ప, వడ్డీ రూపంలో నావల్ల బ్యాంకుకి దమ్మిడీ ఆదాయం లేదు. వడ్డీ కట్టని మొండిఘటం దగ్గర ఫీజైనా రాబట్టుకోవాలి కదా, పాపం.

ఏడాదికి ఫీజు 10,000 రూపాయలు. "ప్లస్ ట్యాక్సెస్ సర్" అన్న మాట ఆ అమ్మాయి దగ్గుకీ తుమ్ముకీ మధ్య ఎక్కడో జారవిడిచింది. 18 శాతం జీఎస్టీ కలిపితే 11,800. ఏడాదిలో 8 లక్షలు ఖర్చుపెడితే మరుసటేడు ఫీజు మాఫీ అట. పదివేలు మిగుల్చుకోవడానికి ఎనిమిది లక్షలు వదిలించుకోవడమనే పొదుపు సూత్రం మా తాతగారికి తెలియక, ఆయన పొలం కొని ఊరుకున్నారు.

పైగా కార్డు లోహంతో చేసిందట. 1950లో న్యూయార్క్‌లో డైనర్స్ క్లబ్ వాళ్లు హోటల్ బిల్లుల కోసం మొదట ఇచ్చిన కార్డు ఉత్త అట్టముక్క. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, ఇప్పుడు లోహం. కార్డు గట్టిపడే కొద్దీ పర్సు మెత్తబడుతోంది.

సరే, లాభనష్టాలు చూద్దామని కాగితం తీశాను. మొదటి వరం ఎయిర్‌పోర్టు లాంజ్. రెండు రూపాయలు గీకించి లోపలికెళ్తే ఇడ్లీ, ఉప్మా, కాఫీ, మెత్తటి సోఫా. బాగానే ఉంది. కాకపోతే బెజవాడలో ఉండే మేం విశాఖ వెళ్లాలంటే రత్నాచల్ ఎక్కుతాం, చెన్నై వెళ్లాలంటే పినాకిని. గన్నవరం ఎయిర్‌పోర్టు మొహం చూసేది బంధువుల్ని దింపడానికే. పైగా ఈమధ్య చాలా కార్డులకి కిందటి మూడు నెలల్లో ఇంత ఖర్చుపెడితేనే లాంజ్ అని మెలిక పెడుతున్నారు. నాకొచ్చిన ఆఫర్లో ఇంకో మెలిక కూడా ఉంది: ప్రవేశం కార్డుదారుడికి మాత్రమే. మా ఆవిడని బయట కుర్చీలో కూర్చోబెట్టి, నేను లోపల ఉచితంగా ఉప్మా తిని వస్తే, ఆ తర్వాతి పరిణామాలకి ఏ కార్డు ఇన్సూరెన్సూ వర్తించదు.

రెండోది పాయింట్లు. 150 రూపాయలకి 4 పాయింట్లు. విమానం టికెట్టుకి వాడితే పాయింటు అర్ధరూపాయి, బిల్లులో తగ్గించుకుంటే పావలా. పావలా చెల్లదని ప్రభుత్వం 2011లోనే ప్రకటించినా బ్యాంకుల దగ్గర ఇంకా చెలామణిలో ఉంది. అర్ధరూపాయి లెక్కన 11,800 తిరిగి రావాలంటే 8 లక్షల 85 వేలు ఖర్చు చేయాలి. పావలా లెక్కనైతే 17 లక్షల 70 వేలు. అదీ అన్ని ఖర్చులకీ కాదు. పెట్రోలు, ఇంటద్దె, వాలెట్లో వేసే డబ్బు లెక్కలోకి రావు. కరెంటు బిల్లుకీ బీమా ప్రీమియానికీ నెలకింతేనని పరిమితి. అంటే, మనిషి బతకడానికి చేసే ఖర్చుకి పాయింట్లు లేవు. బతికున్నానని పదిమందికీ చూపించడానికి చేసే ఖర్చుకి ఉన్నాయి.

పోనీ కాళేశ్వరరావు మార్కెట్లో వాడదామంటే అక్కడ నడిచేది యూపీఐ. యూపీఐకి తగిలించుకోగలిగేది రూపే క్రెడిట్ కార్డులనే. నాకిస్తానన్నది వీసా. లోహపు కార్డు చూపిస్తే దొండకాయలావిడ దాన్ని తక్కెట్లో పడేసి, తూకం రాళ్లలో ఒకటి కలిసొచ్చిందనుకోవడం ఖాయం.

విదేశాల్లో మాత్రం లాభమే అన్నాడు హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది. నిజమే. మామూలు కార్డుకి విదేశీ మారకం రుసుము 3.5 శాతం ఉంటే, దీనికి 2 శాతం. జీఎస్టీతో కలిపి లక్షకి 1,770 రూపాయలు ఆదా. ఫీజు గిట్టుబాటు కావాలంటే పరాయిదేశంలో దాదాపు 6 లక్షల 67 వేలు తగలేయాలి. మేం విదేశం వెళ్తే డాలస్‌లో మా అబ్బాయి దగ్గరికే వెళ్తాం. అక్కడ నేను పర్సు తీస్తే "నాన్నా, లోపల పెట్టు" అంటాడు. ఈ ఒక్క మాటకి ఏ బ్యాంకూ ఇవ్వలేనంత క్యాష్‌బ్యాక్ ఉంది.

ఉచితంగా గోల్ఫ్ ఆడుకోవచ్చట. గోటీబిళ్ల ఆడి పక్కింటి పెంకులు పగలగొట్టిన చేతులివి. వీటికి గోల్ఫ్ కర్ర అందించడం ప్రజాభద్రతకి మంచిది కాదు. ఇక కన్సియర్జ్ సేవ. ప్యారిస్‌లో భోజనానికి టేబుల్ కావాలన్నా, లండన్‌లో ఎవరికైనా పూలగుత్తి పంపాలన్నా అర్ధరాత్రి ఫోన్ చేయొచ్చు. "తిరుమల మూడువందల రూపాయల దర్శనం టికెట్లు దొరుకుతాయా అమ్మా?" అని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆ అమ్మాయే, "మీకు దొరికితే మాకూ రెండు చూడండి సర్" అంది.

మా బావమరిదికి ఇలాంటి కార్డు ఉంది. మూడు నెలల్లో లక్ష ఖర్చుపెడితే రెండువేల వోచర్ అన్నారని, గడువు ఆఖరిరోజున ఇంకో పద్దెనిమిది వేలు తక్కువ పడితే, ఇంట్లో ఒకటి ఉండగానే రెండో ఎయిర్ ఫ్రయరూ, దానికి తోడు ఓ వాక్యూమ్ క్లీనరూ కొన్నాడు. "రెండువేలు ఊరికే వచ్చాయి బావా!" అన్నాడు. ఆ వోచర్ చెల్లే దుకాణంలో మూడువేలకి తక్కువ వస్తువు లేదు. ప్రీమియం కార్డు కిటుకంతా ఇందులోనే ఉంది. ఖర్చు చేశాక బహుమతి ఇవ్వడం దుకాణదారుడి పద్ధతి. బహుమతి చూపించి ఖర్చు చేయించడం బ్యాంకు పద్ధతి.

కాగితం చూసిన మా ఆవిడ ఒక్కటే అడిగింది: "ఏవండీ, ఈ కార్డు లేకపోయినా మనం ఎలాగూ పెట్టే ఖర్చెంత?" నేను రెండు రాత్రులు కూడికలు తీసివేతలు చేసిన కాగితంలో ఆ అంకె ఒక్కటే లేదు.

అందుకని, ఫోనొస్తే పాఠకులు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కిందటేడు మీరు నిజంగా చేసిన ఖర్చు తీసుకోండి, పాయింట్లు రానివి కొట్టేయండి, మిగిలిన దానిమీద కొత్త కార్డు పాత కార్డుకంటే అదనంగా ఇచ్చేదెంతో చూడండి. మీరు ఎలాగూ జేబులోంచి డబ్బిచ్చి కొనే సౌకర్యాలనే లాభంలో కలపండి. అదంతా ఫీజూ జీఎస్టీ కంటే ఎక్కువైతే నిక్షేపంగా తీసుకోండి. నెలకి నాలుగుసార్లు విమానమెక్కేవాళ్లకి అది మంచి బేరమే. మీ పాత కార్డు జీవితాంతం ఉచితమైతే మాత్రం అప్‌గ్రేడ్‌తో అది పోతుందేమో ముందే అడగండి. పోయిన ఉచితం మళ్లీ రావడం కష్టం. బిల్లులో కొంతే కట్టి మిగతాది వాయిదా వేసే అలవాటుంటే అసలీ లెక్కే అక్కర్లేదు. నెలకి 3.5 శాతం వడ్డీ అంటే ఏడాదికి 42 శాతం, ఆ మంటలో ఏ పాయింట్లూ మిగలవు.

మొహమాటానికి "ఊఁ" అనకండి. మీ స్పష్టమైన అంగీకారం లేకుండా కార్డుని అప్‌గ్రేడ్ చేసి ఫీజు వేస్తే, ఆ ఫీజు వెనక్కివ్వడమే కాక దానికి రెట్టింపు జరిమానా కూడా కట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. నా మటుకు నేను వద్దన్నాను. నా పాత ప్లాస్టిక్ కార్డుకి ఫీజు సున్నా. దాని మీద జీఎస్టీ కూడా సున్నాయే.