శుక్రవారాది జీవన విధానము

వారమునకు ఆదివారము మొదలని పంచాంగకర్తలును, సోమవారము మొదలని కార్యాలయాధికారులును చెప్పుచుందురు గాని, తెలుగునాట నలుగురిలో తలయెత్తుకొని తిరుగదలచిన గృహస్థునకు వారము శుక్రవారముతోనే ఆరంభమగునను సత్యమును ఈ ఉభయులును గ్రహింపకపోయిరి. కొత్త చిత్రము విడుదలయగు దినమది. తక్కిన ఆరు దినములును దానికి ఉపోద్ఘాతమో, వ్యాఖ్యానమో, ఉత్తరక్రియయో కాక వేఱొండు కావు. అట్టి వారమును లోపము లేకుండ గడపుటకు, ఈ విద్యయందు ఆఱితేఱిన పెద్దమనుష్యులను ఇరుగుపొరుగుల గమనించి నేర్చుకొనిన నియమములను కొన్నిటిని జిజ్ఞాసువుల ప్రయోజనార్థము ఇచ్చట వ్రాయుచున్నాను.

అన్నిటికంటె ముఖ్యమైనది, చిత్రమును గూర్చిన అభిప్రాయము చిత్రమును చూచుటకు పూర్వమే స్థిరపడవలయును. చూచినపిమ్మట అభిప్రాయము చెప్పుట ఎవ్వరికైనను సాధ్యమే. అందు ప్రజ్ఞ యేమున్నది? సామగ్రికి కొదువ లేదు. పేరు ప్రకటించుట కొకనాడు, ఫస్ట్ లుక్కునకు ఒకనాడు, టీజరు ఎప్పుడు వచ్చునో తెలుపుట కొకనాడు, ఆ టీజరున కొకనాడు, పాటలు ఒక్కొక్కటిగా కొన్నినాళ్ళు, ట్రైలరు, పిదప ప్రీ-రిలీజు ఫంక్షను, ఇట్లు సంస్కారములన్నియు గర్భమునందే ముగిసినపిమ్మట గాని శిశువు భూమిపై పడదు. ఆ ఫంక్షనున కథానాయకుడు ఆలస్యముగా వచ్చి, అభిమానులను క్షేమముగా ఇండ్లకు చేరుకొనుడని గద్గదస్వరముతో ప్రార్థించును. ఇంటికి పోవు కడపటి బస్సు తప్పినదని వారికి అప్పుడు స్ఫురించును.

శుక్రవారమునాడు తెల్లవారుజామున లేవవలయును. అమెరికాలో, డాలసు నగరముననో మఱియొకచోటనో, మీకొక బావమఱది ఉండకపోడు. అతడు అచ్చటి గురువారపు సాయంకాలము ప్రీమియరు చూచి వెలుపలికి వచ్చువేళకు ఇచ్చట శుక్రవారపు కోడి కూయుచుండును. "బావా, ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ ల్యాగు" అని అతడు పంపిన నాలుగు ముక్కలను మీరు ఆఱుగంటలకు పాలప్యాకెట్ల దుకాణమువద్దను, ఎనిమిదింటికి టిఫిను సెంటరునందును, పదింటికి కార్యాలయమునందును, క్రమక్రమముగా పెంచుచు, స్వకీయ విమర్శగా వినిపింపుడు. టూరింగు టాకీసుల కాలమున చిత్రము పల్లెకు చేరుటకు నెలలే కాదు, ఒక్కొకప్పుడు సంవత్సరములును పట్టెడిది. 1957 మార్చిలో పట్టణములలో విడుదలయిన మాయాబజారును ఎంతో ఆలస్యముగా డేరాలో నేలపై కూర్చుండి చూచినవారు, పాపము, అది తమకు నచ్చినదో లేదో తామే తేల్చుకొనవలసివచ్చెను.

తొలి ఆటకు తోపులాటలో స్వయముగా పొండని మాత్రము నేను ఉపదేశింపను. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని థియేటరువద్ద తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణము పోయినది. ఆ విషయమున హాస్యమాడుటకు మనసొప్పదు.

శని ఆదివారములను గూర్చి చెప్పవలసినది స్వల్పము. పిల్లలు థియేటరునకు పోదమందురు. టికెట్ల ధరను గాక పాప్‌కార్ను ధరను పైకి చదివి వినిపించినచో వారిలో వివేకము తానే ఉదయించును. లేనిచో టీవీలో వచ్చు చిత్రమును ప్రకటనల నడుమ చూపి తృప్తిపఱచుడు.

అసలైన విద్య సోమవారముతో మొదలగును. టికెట్లు అమ్మగా వచ్చిన మొత్తము గ్రాసు. అందుండి పన్నును, థియేటరు అద్దెను తీసివేయగా బయ్యరునకు మిగులునది షేరు. ఆ షేరు బయ్యరు పెట్టిన పెట్టుబడిని చేరినప్పుడు బ్రేక్ఈవెను. ఈ మూడు పదములును పలుకనేర్చినవానిని ఆర్థికవేత్తగా ఎంచుట లోకమర్యాద. నిర్మాతపక్షము గోడపత్రికపై అచ్చువేయు గొప్పసంఖ్య గ్రాసనియు, పంచుకొనుటకు మిగులునది షేరనియు ఎఱిగి, మీ అభిమాననటుని చిత్రమునకు మొదటిదానిని, పొరుగువాని అభిమాననటుని చిత్రమునకు రెండవదానిని గ్రహింపుడు. ఈ లెక్కకు ప్రత్యేకమైన భూగోళమొకటి కలదు. 1948లో నిజాము ప్రభుత్వము అంతరించినను, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినను, 2014లో అది రెండైనను, పంపిణీదారుల పటమున నైజాము నైజామే. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి ధారవోసిన సీమ నేటికిని సీడెడే. ఏ పాఠశాలయు ఇంత శ్రద్ధగా నేర్పని ఈ చరిత్రను మీ కుమారుడు మీ నోటనే నేర్చుకొనును. పరీక్షలో వ్రాసినచో మార్కులు రావు, అది వేఱు సంగతి.

నైజాములో సోమవారపు షేరు ఆదివారముకంటె ఎంత పడిపోయెనో మీరు దశాంశములతో సహా వివరించుచుండగా వంటయింటినుండి, "ఏమండీ, ఈ నెల పాలవాడికి ఎంత ఇవ్వాలి?" అను ప్రశ్న వినవచ్చును. తడబడకుడు. పరుల కోట్లను గుర్తుంచుకొను మేధస్సు ఇంటి వందలకు చాలదని ఒప్పుకొనుట అవమానము గనుక, "నీ దగ్గర పుస్తకం ఉందిగా" అని గంభీరముగా పలికి, తిరిగి సీడెడునకు ప్రయాణము చేయుడు.

సర్వనామములయందును జాగరూకత వలయును. 2023 మార్చి 13న, మన సోమవారపు ఉదయమున, "నాటు నాటు" పాటకు ఆస్కారు పురస్కారము ప్రకటింపబడినప్పుడు దానిని అందుకొన్నవారు స్వరకర్త కీరవాణియు, గీతకర్త చంద్రబోసును. అయినను నేనెఱిగిన కార్యాలయమున గుమాస్తా మొదలు అధికారివఱకు "మనకు వచ్చింది" అనని ప్రాణి లేదు, ఆనాడు ఫైలు కదిలినదియు లేదు. ఆ గర్వమును నేనును పంచుకొంటిని, తప్పు పట్టను. కాని అదే నోళ్ళు చిత్రము పరాజయమందినప్పుడు "పాపం, నిర్మాత మునిగాడు" అనును. లాభమునకు ఉత్తమపురుషయు, నష్టమునకు ప్రథమపురుషయు వాడవలయునని సూత్రము.

మంగళవారము వదంతులకు ప్రశస్తము. ఒక నటీమణికి వివాహము నిశ్చయమైనదా, నిశ్చయమై తప్పిపోయినదా, వేలికున్నది నిశ్చితార్థపు ఉంగరమా కాదా అని ఛాయాచిత్రమును పెద్దదిచేసి పరీక్షింపుడు. మీ చెల్లెలి కుమార్తెకు సంబంధము వెదకెదనని మీరు చేసిన వాగ్దానము ఆగగలదు. ఉంగరము రేపటికి పాతబడును.

బుధవారమునాటికి గండమొకటి పొంచియుండును. అప్పటికి చిత్రమును గూర్చి సర్వమును మీకు తెలియును, చిత్రము తప్ప. అట్టియెడ మీ అర్ధాంగి, "సాయంత్రం ఖాళీగానే కదా ఉంటారు, పోయి చూసొద్దామండీ" అనవచ్చును. నాలుగు వారములలో ఓటీటీలో వచ్చునని చెప్పిచూడుడు. ఆమె అప్పటికే చీర మార్చుకొనియున్నచో వాదింపవలదు, వెంట వెళ్ళుడు. సగమునకు పైగా కుర్చీలు ఖాళీగానుండును గనుక వాటిని లెక్కింపబోకుడు, సెకండాఫు ఆరంభమున నిట్టూర్పకుడు. ఆమె నవ్వినచోట బావమఱది నవ్వలేదని జ్ఞాపకము చేయకుడు. ఆట ముగిసి దీపములు వెలిగినప్పుడు ఆమె "బాగుందండీ" అనినచో, సోమవారము షేరు పడిపోయిన సంగతిని అచ్చటనే చెప్పుట మర్యాద కాదు, ఆటోలో చెప్పవచ్చును.