చేటకు టీకా తాత్పర్యం

మూలం: మూడు దిక్కుల గోడ, ఒక దిక్కున వాకిలి, ఇంతే చేట.

టీక: మూడు దిక్కుల గోడ, అనగా గింజను నిలిపేది. ఒక దిక్కున వాకిలి, అనగా పొట్టును సాగనంపేది. ‘ఇంతే’ అన్నది అల్పార్థం కాదు. కలపవలసిందీ తీసేయవలసిందీ లేదని భావం. చెంబుకైతే భాష్యకారులు దొరికారు. 1958లో అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికిచ్చిన నివేదికలో దాన్ని ఏ ఒక్కరూ రూపొందించలేదనీ, తరతరాల చేతుల్లో ఆ రూపానికొచ్చిందనీ మెచ్చుకున్నారు. అందుకే చేట తరఫున ఈ మాత్రం సాహసం తప్పలేదు.

తాత్పర్యం: చేట అందమంతా చెరిగే పనిలోంచి పుట్టింది. వెనక లోతు, ముందు వెడల్పు. ఎగరేస్తే బరువైన గింజ మళ్లీ లోతులోకి వస్తుంది. తేలికైన పొట్టును గాలి వాకిలి దాటిస్తుంది. జల్లెడ సైజు చూస్తుంది, చేట బరువు చూస్తుంది. అందుకే గింజంత పొడవున్న తాలు జల్లెడను మోసగించగలదు, చేట దగ్గర దాని ఆటలు సాగవు. మేదరి వెదురును పలచని బద్దలుగా చీల్చి అల్లి, చేతులు పట్టే అంచుకు గట్టి బద్ద వేసి బిగిస్తాడు. సందుల్లోంచి నూకలు జారకుండా ఇల్లాలు మెంతులూ కాగితాలూ నానబెట్టి రుబ్బి, ఆ ముద్దతో అలుకుతుంది. కాబట్టి చేటకు కర్తలు ఇద్దరు. కొందరు వ్యాఖ్యాతలు ఇక్కడ వినాయకుడి చెవులనూ శూర్పణఖ గోళ్లనూ ప్రస్తావిస్తారు, గ్రంథవిస్తరభీతిచే వదిలేస్తున్నాం.

పూర్వపక్షం: బియ్యం మిల్లులోనే బాగుపడి వస్తున్నాయి, ప్లాస్టిక్ చేట చవక, పైగా చెరగనివాళ్లకే చేటలో అందం కనిపిస్తుందని శంక. దీనికి సమాధానం: మిల్లులో ఊకను ఊదే ఫ్యానుదీ చేట సూత్రమే. ఇక ప్లాస్టిక్ చేట, ప్రతివాది తెచ్చి మనకిచ్చిన సాక్షి. అచ్చులో ఏ ఆకారమైనా పోయగల కార్ఖానా చివరికి మేదరి ఆకారాన్నే పోసింది. కొన్నిటిమీద అక్కరలేని అల్లిక గీతలు కూడా దించింది! మూడో శంక బరువైనదే. చెరిగిన చేతులు నొచ్చాయి, ఆ చాకిరీ తగ్గడం మంచిదే. అయితే చేటను తేలిక చేయించిందీ, అంచును నున్నగా కట్టించిందీ ఆ నొప్పే. కనుక చేట అందానికి మొదటి పరీక్షకులు చెరిగినవాళ్లు. రంగులు పూసి డ్రాయింగు రూములో గోడకు తగిలించడం అపవ్యాఖ్యానం.

ఫలశ్రుతి: ఈ టీక చదివితే పుణ్యం వస్తుందన్న హామీ లేదు. సంతలో చేటను వెలుతురుకెత్తి అల్లిక చూసుకుని, మేదరి చెప్పిన ధర ఇచ్చి తెచ్చుకోండి.