పటాన్‌చెరు దౌత్యము

1985 డిసెంబరు మాసమున ఢాకా నగరమందు సార్క్ కూటమి పుట్టిన నాటినుండి నేటివరకు దక్షిణాసియా దేశముల సౌభ్రాత్రమును గూర్చి వెలువడిన సంయుక్త ప్రకటనలనన్నింటిని ఒకచోట కుప్పవోసి తూకమునకు వేసినచో, ఆ చిత్తుకాగితముల వెలయే ఈ దేశముల పరస్పర వర్తకములో చెప్పుకోదగిన పద్దు కాగలదని నా అనుమానము. ఏలయన, ప్రపంచబ్యాంకు వారు చిరకాలముగా చెప్పుచున్న లెక్క ప్రకారము, ఈ దేశములు తమ మొత్తము వాణిజ్యములో ఒండొరులతో నెరపునది నూటికి సుమారు ఐదు వంతులు మాత్రమే. 2004 జనవరిలో ఇస్లామాబాదున స్వేచ్ఛా వాణిజ్య ఒడంబడికపై చేవ్రాళ్ళు చేసిరి. 2006 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చెను. 2014లో ఖాట్మండు నగరమున ఆ దేశాధినేతలు కడపటిసారిగా ఒకే సభలో కూర్చుండిరి. 2016లో ఇస్లామాబాదున జరుగవలసిన సభ జరుగలేదు, ఆ పిమ్మట ఎక్కడను జరుగలేదు. ఒడంబడిక మాత్రము నేటికిని అమలులోనే యున్నది. అమలులోనున్న ఒడంబడిక పనికూడ చేయవలెనను షరతును అందులో వ్రాయుట మరచిరి కాబోలు.

సభలలో కానరాని ఈ ప్రాంతీయ సహకారమును కన్నులార చూడగోరువారు ఖాట్మండు దాక పోనక్కరలేదు. హైదరాబాదు నుండి బొంబాయి రోడ్డు పట్టి, రామచంద్రాపురము బి.హెచ్.ఇ.ఎల్. దాటి, పటాన్‌చెరు మీదుగా ఇస్నాపూరు చేరినచో, పాశమైలారము వైపు తిరుగు లారీలలో అది వరుసలు తీర్చిన డ్రమ్ముల రూపమున దర్శనమిచ్చును. 1970 దశకమున పటాన్‌చెరులో మొలకెత్తి, 1980లో ఇందిరాగాంధీ మెదకు లోక్‌సభ సభ్యురాలైన పిదప తామరతంపరగా పెరిగి, బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారము, బొంతపల్లి గ్రామముల పొలముల మీదుగా ప్రాకిన ఈ పారిశ్రామిక వాడలో, ముడిమందులను (బల్క్ డ్రగ్గులను) చేయు కంపెనీల పేరులు చదువుటకే ఒక పూట పట్టును. లోకములో జ్వరపడిన వారెల్లరు మ్రింగు పారాసిటమాల్‌ను తయారుచేయు మిక్కిలి పెద్ద కర్మాగారములలో నొకటి మన బొంతపల్లిలోనే యున్నది. ఆ పారాసిటమాల్‌కు మూలమైన పారా అమినోఫినాల్ కొరకు మాత్రము మన దేశము ఏండ్ల తరబడి చీనా ఓడలకై ఎదురుచూచుచు వచ్చినది. మనము దిగుమతి చేసుకొను బల్క్ డ్రగ్గులలో నూటికి దాదాపు డెబ్బది వంతులు ఆ దేశపువే. మందు మనది, గోలి మనది, దానిపై అతికించిన చీటీ మనది; తక్కినది పొరుగువారిది.

ఇది మనకు చేతకాక వచ్చిన దుర్గతి కాదు. చేతనై యుండియు మానుకొనగా వచ్చినది. 1961లో ప్రభుత్వము స్థాపించిన ఐ.డి.పి.ఎల్. సంస్థ, సోవియట్ దేశపు సాయముతో, హైదరాబాదు బాలానగరమున మందుల కర్మాగారమును నెలకొల్పెను. అందులో పని నేర్చిన రసాయనజ్ఞులు, మందుపై కాక మందును చేయు పద్ధతిపై మాత్రమే పేటెంటు నిచ్చిన 1970 నాటి చట్టము అండగా బయటికి వచ్చి, సొంత పొయ్యిలు వెలిగించుకొనిరి. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి వారిలో నొకడు. పిమ్మట 1990 దశకమున వాణిజ్య ద్వారములు తెరువబడెను. పెన్సిలిన్-జి అను ముడిమందును మనము తయారుచేయు ఖర్చుకన్న చీనావారి అమ్మకపు ధర తక్కువగా నుండుటచే, మన కంపెనీలు ఒక్కొక్కటిగా దానిని పులియబెట్టు తొట్లను కడిగి బోర్లించినవి. చౌకగా దొరకునది స్వయముగా చేసుకొనుట అవివేకమని ఆర్థికశాస్త్రజ్ఞులు సెలవిచ్చిరి. ఆ సెలవులో మనము పాతికేండ్లు హాయిగా నిదురించితిమి.

మేల్కొలిపినది వూహాన్ మహమ్మారి. 2020 ఆరంభమున అక్కడి గేట్లు మూతపడగా ఇక్కడి స్టోరు గదులలో డ్రమ్ములు తరుగసాగెను. మార్చి 3వ తేదీన, పారాసిటమాల్ మొదలుగా 26 మందుల, ముడిమందుల ఎగుమతిపై మన ప్రభుత్వము ఆంక్షలు విధించెను. లోకమునకే ఔషధశాలయని బిరుదు ధరించిన దేశము, పొరుగింటి తలుపు మూయగానే తన దుకాణమునకు తాళము వెదకుకొనవలసి వచ్చుట ఆ బిరుదుకు గొప్ప పరీక్షయే.

అదే సంవత్సరము జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో చీనా సైన్యముతో జరిగిన ఘర్షణలో ఇరువదిమంది మన సైనికులు అసువులు బాసిరి. వారి నాయకుడు కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ దుఃఖమునకు నేను చేతులు జోడించుచున్నాను; నా ఎకసక్కెము దానిపై కాదు, దానిని పెట్టుబడిగా పెట్టి చౌరస్తాలలో శౌర్యము నెరపిన వారిపై. చీనా టెలివిజన్లు డాబాలపైనుండి నేలకు పడెను. నెలాఖరునకు 59 ఫోను యాప్‌లు నిషేధింపబడెను. ఆ దినములలోనే బొల్లారము కంపెనీ యొకదానిలో స్టోరు చూచుకొను పెద్దమనిషిని, "చీనా సరుకును మీరెప్పుడు బహిష్కరింపబోవుచున్నారు?" అని నేను గంభీరముగా ప్రశ్నించితిని. ఆయన నన్ను ఎగాదిగా చూచి, "బంద్ జేస్తే ఏమైతది సార్? టీవీ పలగ్గొట్టినోనికి రేపు తలకాయ నొస్తే గోలి యాడికెళ్లి తెద్దం?" అనెను. విదేశాంగ శాఖవారు ఇంత సూటిగా మాటాడగా నేను విని యుండలేదు.

బహిష్కార ఫలితము లెక్కలలో స్పష్టముగా నున్నది. 2019-20లో చీనాతో మన వాణిజ్యపు లోటు సుమారు 4,860 కోట్ల డాలర్లు. 2024-25 నాటికది 9,920 కోట్ల డాలర్లు. బహిష్కారము ఇదే పట్టుదలతో మరి ఐదేండ్లు కొనసాగినచో ఏమగునో తలచుకొనుటకే భయము వేయుచున్నది. పగలంతయు వీధివాకిట జుట్లు పట్టుకొని, చీకటిపడగానే పెరటిగోడ మీదుగా మజ్జిగ తోడు అడిగి పుచ్చుకొను ఇల్లాండ్రను మన ఊళ్ళలో ఎందరినో చూచితిమి. వారికిని రాజ్యములకును గల భేదమంతయు, ఇల్లాండ్రు తోడు పుచ్చుకొన్న మాటను దాచుకొనకుండుటయే.

పడమటి పొరుగువారును మనకు తీసిపోవువారు కారు. 1996లో పాకిస్తానునకు మనమిచ్చిన అత్యంత అభిమాన దేశమను హోదాను 2019 ఫిబ్రవరిలో రద్దుచేసి, వారి సరుకుపై నూటికి రెండువందల వంతుల సుంకము వేసితిమి. ఆగస్టులో వారు మనతో వర్తకమునే కట్టిపెట్టిరి. కట్టిపెట్టిన కొన్ని వారములకే మందులకు మాత్రము సందు విడువవలసి వచ్చెను. శత్రువు పంపిన గోలియైనను నొప్పిని తగ్గించునన్న రహస్యమును వైద్యులు వారి ప్రభుత్వమునకు చెవిలో చెప్పియుందురు.

తూర్పున బర్మా కలదు. అచటి సైన్యము 2021 ఫిబ్రవరి 1న ప్రజాప్రభుత్వమును కూలద్రోయగా లోకమంతయు విచారము ప్రకటించెను, మనమును ప్రకటించితిమి, జూన్ మాసమున ఏటేట రెండున్నర లక్షల టన్నుల మినుములు, ఒక లక్ష టన్నుల కందులు ఆ దేశమునుండి తెచ్చుకొనుటకు ఐదేండ్ల ఒప్పందమును సిద్ధపరచుకొంటిమి. ప్రజాస్వామ్యము లేనిచో కొంతకాలము గడపవచ్చును గాని ఇడ్లీ లేనిచో గడపలేము. కంది పంటపై పరిశోధన చేయు అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్, 1972 నుండి పటాన్‌చెరులోనే కొలువుతీరి యుండుటయు, జహీరాబాదు నల్లరేగళ్ళలో కంది నేటికిని పండుచుండుటయు ఈ సందర్భమున గుర్తుచేసినచో వ్యవసాయ శాఖవారికి నొప్పి కలుగవచ్చును.

దిగుమతి బెడదను బాపుటకై కేంద్రము 2020లోనే ముడిమందుల స్వదేశ తయారీకి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకమును, మూడు బల్క్ డ్రగ్ పార్కులకు మరి 3,000 కోట్లను ప్రకటించినది. ఆ పార్కులు 2022లో హిమాచల్ ప్రదేశమునకు, గుజరాతునకు, ఆంధ్రప్రదేశమునకు దక్కినవి. అర్ధశతాబ్దముగా ఈ కర్మాగారముల వాసనను పీల్చుచున్న మాకు పార్కు రాకపోవుట ఒక విధముగా న్యాయమే. అనుభవమున్న వారికి శిక్షణ దేనికి? పెన్సిలిన్-జి తొట్లు 2024లో కాకినాడ వద్ద మరల పులియనారంభించెను. మొన్నటిదాక ఒకే ఇంటివాడైన పొరుగువాడు బాగుపడిన సంతోషింపవలెనని పెద్దలందురు, ప్రయత్నించుచున్నాము.

ఇక ఇతర రాష్ట్రములనుండి మనము తెచ్చుకొను సరుకులలో సుంకము లేనిది మనిషి. బీహారు, ఒడిషా, జార్ఖండు, ఉత్తరప్రదేశములనుండి వచ్చి, ఇస్నాపూరు అద్దెగదులలో పలువురొక్కటిగా తలదాచుకొని, మూడు షిఫ్టుల రియాక్టర్ల నడుమ నిలుచువారు వారు. 2025 జూన్ 30 ఉదయమున పాశమైలారములో, గోలీలలో కలుపు సెల్యులోజు పొడిని చేయు కర్మాగారమొకటి ప్రేలిపోగా నలుబదిమందికి పైగా మరణించిరి. కొందరి శరీరములు గుర్తించుటకు డి.ఎన్.ఏ. పరీక్ష కావలసి వచ్చెను. దీనిపై వ్యంగ్యము వ్రాయుటకు నాకు చేయి రాదు.

మందు పరదేశములకు పోగా మనకు మిగులునది, ఈ కర్మాగారముల మురుగు చేరు నక్కవాగు. స్వీడను దేశపు శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందమువారు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రమునుండి వెడలు నీటిని పరీక్షించి 2007లో ప్రకటించిన దేమనగా: సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు, దానిని సేవించిన రోగి రక్తములో నుండు మోతాదును మించి ఆ నీటిలో నున్నది, దినమునకు సుమారు 45 కిలోలు పోవుచున్నది, స్వీడను దేశప్రజలెల్లరకు అది ఐదు దినముల వాడుకకు సరిపోవును. మా బఱ్ఱెలు, మా వరిమళ్ళు, ఫీజు లేకయే ఇంతటి వైద్యము పొందుచున్నవని అప్పటిదాక మేమెరుగము. ఆ మందునకు అలవాటుపడి దానిని లెక్కసేయని సూక్ష్మజీవులకు వీసా అక్కరలేదు గనుక, ఎగుమతుల పట్టికలో వాటిని చేర్చు అధికారి లేడు. పిదప ఆ నీటిని పైపు వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రమునకు మళ్ళించిరి. సమస్యను పరిష్కరించుట యనగా దానిని హైదరాబాదునకు పంపుటయని మాకప్పుడు బోధపడెను. మంజీర నీటిని మేము నగరమునకు ఇచ్చుచుండగా, దానితో బాటు ఇదియు చేరుట ప్రాంతీయ సహకారము కాక మరేమి?

కావున కేంద్ర ప్రభుత్వమునకు నా విన్నపము: నిలిచిపోయిన సార్క్ శిఖరాగ్ర సభను ఇస్నాపూరు చౌరస్తాలో జరిపింపుడు. చీనా ఆ కూటమిలో పరిశీలక దేశమే గనుక, దాని రాయబారిని డ్రమ్ములు దించు చోట కూర్చుండబెట్టవచ్చును. పాకిస్తాను ప్రతినిధికి మందుల సందునుండియే దారి కలదు. బర్మాకు సభ్యత్వము లేకున్నను పప్పు వారిదే గనుక భోజనశాలలో పీట వేయింతము. తలనొప్పి గోలీలు ఎన్నియైనను మేమే సమకూర్తుము. అతిథులు త్రాగు నీటిని మాత్రము ఎవరి దేశమునుండి వారు వెంట తెచ్చుకొనవలెను.