సైకిలు మీద వచ్చిన సాయం

మా రోజుల్లో డిసెంబరు 7 వచ్చిందంటే బడిపిల్లల చేతుల్లో మూతకి చీలిక పెట్టిన రేకు డబ్బాలు గలగలలాడేవి. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం పట్టీలున్న కాగితం జెండాని గుండుసూదితో చొక్కాకి గుచ్చి, "మిలట్రీవాళ్ల కోసమండీ" అని డబ్బా చాపేవాళ్లు. మా సంతలో చింతపండు అమ్ముకునే ముసలమ్మ కొంగుముడి విప్పి ఐదు పైసల బిళ్ల వెయ్యడం, నేను సెలవు మీద వచ్చినప్పుడు కళ్లారా చూశాను. ఆవిడ ఇంట్లోంచి ఎవరూ మిలట్రీకి వెళ్లలేదు. ఊళ్లోంచి ఒక్కడు వెళ్లినా వాడు ఆవిడకి మనవడి కిందే లెక్క.

1949లో మొదలైన ఆ సాయుధ దళాల పతాక దినం ఇప్పుడూ జరుగుతోంది. ఏదో ఆఫీసులో ఒక పెద్దమనిషి చొక్కాకి జెండా పెడతారు, ఫొటో తీస్తారు, మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. చందా ఫోన్‌లోంచే పంపొచ్చు, పన్ను మినహాయింపు కూడా ఉంది. బాగానే ఉంది. కానీ మొన్న మా వీధి పిల్లల్ని ఆ మూడు రంగులూ దేనివిరా అని అడిగితే ఒక్కడూ చెప్పలేదు. ఎరుపు ఆర్మీది, ముదురు నీలం నేవీది, లేత నీలం ఎయిర్‌ఫోర్సుది అని నేనే చెప్పాల్సి వచ్చింది. డబ్బా పట్టుకుని పది గుమ్మాలు తిరిగిన పిల్లవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాలా?

1964లో, చైనా యుద్ధం దెబ్బ ఇంకా పచ్చిగా ఉండగా, బెంగుళూరు వెళ్లి మద్రాస్ సాపర్స్‌లో చేరాను. అక్కడ తమిళుడైనా తెలుగువాడైనా మలయాళీ అయినా అందరం తంబీలమే. మా ఊరి పక్క ఊరి మనిషి ఒకాయన నాకంటే రెండేళ్ల ముందు చేరాడు. నేను అన్నా అనేవాణ్ని. 1971 డిసెంబరులో శకర్‌గఢ్ వైపు మందుపాతరలు తీస్తుంటే అన్న ఎడమ పాదం పోయింది. పూణేలో 1944 నుంచీ ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ ఉంది కదా, అక్కడే కాలు పెట్టారు. చెక్కా తోలూ కలిపి చేసిన ఆ కాలుతోనే ఊరికొచ్చాడు. వర్షాకాలం దాన్ని పొయ్యి దగ్గర ఆరబెట్టుకునేవాడు.

అన్న వచ్చిన నెల తిరక్కుండానే సోల్జర్ బోర్డు గుమాస్తా సైకిలు మీద వచ్చాడు. ఇప్పుడు దాన్ని సైనిక సంక్షేమ కార్యాలయం అంటున్నారు. అప్పట్లో మాకందరికీ సోల్జర్ బోర్డే. ప్యాంటు గొలుసులో పడకుండా మడమ దగ్గర క్లిప్పు, హ్యాండిల్‌కి రెక్సిన్ సంచి, సంచిలో దరఖాస్తులు, సిరాపెట్టె, ఒక అద్దుడు కాగితం. ఆ రోజు నేనూ సెలవు మీద అక్కడే ఉన్నాను. సైకిలు వేపచెట్టుకి ఆనించి, అరుగు మీద కూర్చుని, వదిన ఇచ్చిన మజ్జిగ తాగి, అప్పుడు మొదలుపెట్టాడు. పెళ్లెప్పుడు, పిల్లలెందరు, భూమెంత, అప్పెంత, ఒక్కోటీ అడిగి తనే రాసుకున్నాడు. వదినకి చదువు రాదు. రాసింది మొత్తం ఆవిడకి పైకి చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకున్నాడు. పై నెల మళ్లీ వచ్చాడు. "అలహాబాదు పెన్షను ఆఫీసు నుంచి కాగితం కదిలిందమ్మా, కంగారు పడకండి" అని చెప్పడానికే పదకొండు మైళ్లు తొక్కుకుంటూ వచ్చాడు.

ఇచ్చింది తక్కువే. ఆ పెన్షనుతో అన్న ఇంట్లో రెండు పూటలా అన్నం వండిన రోజులు లెక్కపెట్టొచ్చు. అప్పుడంతా బంగారంలా ఉండేదని నేననడం లేదు. ఒళ్లు బాగోకపోతే సికింద్రాబాదు మిలట్రీ ఆసుపత్రికి రైలెక్కాలి, లేదంటే ఊరి ఆర్ఎంపీయే దిక్కు. 2003లో మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ వచ్చాక మాలాంటి పెన్షనర్లకి ప్రాణం లేచొచ్చింది. నా గుండెకి రెండు స్టెంట్లు అలాగే పడ్డాయి. 2014 జూలై నుంచి లెక్కగట్టి ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్ ఇచ్చారు. పదిహేనేళ్లు నిండక ముందే ఇంటికొచ్చేసి పెన్షను లేకుండా మిగిలిపోయినవాళ్లకి, 65 దాటాక పతాక దినం నిధి నుంచే నెలనెలా సాయం ఉంది. మొన్న 2025 నవంబరు ఒకటి నుంచి దాన్ని నాలుగు వేల నుంచి ఎనిమిది వేలకి పెంచారు. ఆడపిల్ల పెళ్లికిచ్చే యాభై వేలు లక్ష అయింది. పిల్లల చదువుకిచ్చే వెయ్యి రెండు వేలైంది. చింతపండు ముసలమ్మ ఐదు పైసలు ఇన్నేళ్లకి అంత చెట్టయ్యాయి. ఆ పెంపు సంగతి విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

నా బాధ వేరు. ఆ చెట్టు ఎక్కడుందో తెలియాల్సిన వాళ్లకే తెలియడం లేదు. మా మండలంలో ఒక ముసలాయన ఏడేళ్లు సర్వీసు చేసి, తండ్రి పోతే పొలం చూసుకోవడానికి పేరు కొట్టించుకుని వచ్చేశాడు. 78 ఏళ్లు. కొడుకు వలస వెళ్లాడు. మేకలు కాసుకుని బతుకుతున్నాడు. ఇలాంటి సాయం ఒకటుందని ఆయనకి చెప్పింది నేను, అదీ ఒక పెళ్లి పందిట్లో పక్కపక్కన కూర్చోబట్టి. పదమూడేళ్ల కిందటే అర్హుడు. పదమూడేళ్లు! దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. మా రోజుల్లో అయితే ఆ సైకిలు ఆయన గుడిసె ముందు ఎప్పుడో ఆగి ఉండేది.

ఇక వదిన సంగతి. అన్న పోయి పది నెలలైంది. ఆయన చనిపోయిన నెల నుంచే పెన్షను ఆగింది. ఆవిడ కుటుంబ పెన్షను ఇంకా మొదలుకాలేదు. కారణం వినండి. పెళ్లయిన కొత్తలో అన్న యూనిట్‌లో భార్య పేరు అడిగితే ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు. యూనిట్ రికార్డుకెక్కే పార్ట్ టూ ఆర్డర్‌లో అదే ఎక్కింది. ఆధార్‌లో పుట్టినప్పుడు పెట్టిన పేరుంది. రెండూ కలవడం లేదు. మేం వెళ్లిన ఆఫీసులో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు, కానీ కంప్యూటర్ వైపే చూస్తూ "ఈవిడ వేరే వ్యక్తి అని చూపిస్తోంది తాతగారూ" అన్నాడు. వదిన నా వైపు తిరిగి, "నేను వేరే మనిషినెలా అవుతాను బాబూ, యాభై ఆరేళ్లు ఆ కాలు తుడిచింది నేనే కదా" అంది. పాదం పోయింది 1971లో కదా అని సరిచేసే పని ఎవరికీ లేదు. ఆవిడ కాపురాన్ని లెక్కపెట్టుకుంటోంది.

ఆ రాత్రి వాళ్లింట్లో నల్ల ట్రంకు పెట్టె దించాం. మూత మీద తెల్ల పెయింటుతో అన్న ఆర్మీ నంబరు, పేరు ఇంకా ఉన్నాయి. లోపల కలరా ఉండల వాసన. డిశ్చార్జి పుస్తకం, పెన్షను మంజూరు కాగితం పీపీఓ, రెండు మెడల్సు, ఒక కాగితం మీద అంటించిన పెళ్లి ఫొటో. అన్నిటికన్నా అడుగున, పాత గుడ్డలో చుట్టి, పూణే నుంచి తెచ్చిన మొదటి కాలు. మా అన్న దాన్ని పారెయ్యలేదు. వదిన దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

పెన్షను సహాయ కేంద్రానికి ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది, అదీ వదినకి రాని భాషలో. నా సంగతీ అంతే. లైఫ్ సర్టిఫికెట్‌కి 2014లో వేలిముద్రలు వచ్చినప్పుడు, పార పట్టీ పట్టీ అరిగిపోయిన నా వేళ్లు ఆ గాజు మీద పడలేదు. తర్వాత ముఖం చూపిస్తే చాలన్నారు. నాకు మనవడున్నాడు, ఫోను పట్టుకున్నాడు. మనవడు లేనివాళ్ల మాటేమిటి?

యుద్ధంలో పోయినవాళ్ల ఇళ్లకి దేశం వెళ్తుంది, వెళ్లాలి కూడా. 2020 జూన్‌లో గల్వాన్‌లో కల్నల్ సంతోష్‌బాబు అమరుడైతే తెలంగాణ ప్రభుత్వం సూర్యాపేటకి వెళ్లి ఐదు కోట్లు ఇచ్చింది, భార్యకి డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చింది. మిగతా 19 మంది ఏ రాష్ట్రంవాళ్లయినా పది లక్షల చొప్పున పంపింది. అది చూసి చేతులెత్తి దండం పెట్టాను. కానీ మందుపాతర మీద పాదం పెట్టి బతికొచ్చి, ఇన్నేళ్లు కుంటుకుంటూ నడిచి, మంచం మీద ముసలితనంతో పోయిన మనిషి పేపర్లో రాడు. ఆయన భార్యని సభలో వీరనారి అని పిలిచి శాలువా కప్పరు. ఆవిడ ఆఫీసు మెట్ల మీద కూర్చుని టోకెను నంబరు కోసం చూస్తుంటుంది.

సొంత డబ్బా కొట్టుకోవడం కాదు గానీ, మా మాజీ సైనికుల సంఘంలో నడవగలిగిన ఏడుగురం ఈ మధ్య ఊళ్లు పంచుకున్నాం. ఆదివారం ఆదివారం ఒక ఊరు. ట్రంకు పెట్టె ఉన్న ఇల్లేదో అడగడం, కాగితాలు చూడడం, పేర్లలో తేడా ఉంటే బతికుండగానే సరిచేయించడం. భార్యాభర్తల జాయింట్ ఫొటో, భార్య పేరు, పుట్టిన తేదీ, ఈ మూడూ రికార్డ్స్‌లో సరిగ్గా ఉన్నాయా అని చూడమని ప్రతి పెన్షనరుకీ చెబుతున్నాం. మగవాళ్లు వినరు. "నేను పోయినప్పటి సంగతి ఇప్పుడెందుకురా" అంటారు. అప్పుడు వాళ్ల భార్యల్ని పిలిచి చెబుతాను.

మేకల ముసలాయన దరఖాస్తు మా మనవడి చేత పెట్టించాను. వదిన అఫిడవిట్‌కి సర్పంచి సంతకం అయింది, సోమవారం మళ్లీ వెళ్తున్నాం. హైస్కూలు హెడ్మాస్టరుగారిని కలిసి ఈ డిసెంబరు 7న పన్నెండు మంది పిల్లల్ని ఒక పూట మాకివ్వమని అడిగాను. ఒప్పుకున్నారు. పాలపొడి డబ్బాలు ఏరి తెచ్చి మూతలకి నేనే చీలికలు కోస్తున్నాను. ఎనిమిదయ్యాయి, ఇంకో నాలుగు కావాలి.