గృహక్రయవ్యయ సూత్రము: సటీకాతాత్పర్యము

మూలము: స్థానచలితుండగు భృత్యునకు నూతనగృహక్రయమందలి యుచితవ్యయంబు వెలలో నూటికైదింటికి మించక ప్రత్యర్పణంబగు.

అవతారిక: అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వము తన కొలువువారిని ఒక ఊరినుండి మరియొక ఊరికి బదిలీ చేసినప్పుడు, అచ్చట వారు ఇల్లు కొనుటలో పడిన ఖర్చును తిరిగి చెల్లింపవచ్చునని 1966లో శాసనము చేసెను. దానిని వివరించు నిబంధనావళి యంతయు ప్రశ్నోత్తర రూపముననే యున్నది. ప్రశ్నయు తామే వేసికొని యుత్తరమును తామే చెప్పుకొనిరి గదా, ఇక తగవేమి యుండునని తలపరాదు. ఇట్టి తగవులు తీర్చుటకు ఒక ధర్మాసనమే యున్నది. పై సూత్రము ఆ నిబంధనల సారమును నేను పిండి కట్టినది, లోపమున్నచో నాదే.

టీక: స్థానచలితుండగు = బదిలీయైన. క్రొత్తగా కొలువున చేరువాడు ఊరు మారినను స్థానచలితుడు కాడు. బదిలీయైనవాడైనను, పాత ఇంటినుండి పాత కచేరికెంత దూరమో, క్రొత్త కచేరికి అంతకంటె కనీసము 50 మైళ్లు ఎక్కువ యుండవలెను. బదిలీ రాగలదని గాలివార్త విని ముందే బేరము కుదుర్చుకొన్న బుద్ధిశాలికి చిల్లిగవ్వయు రాదు.

గృహ = నిత్యము ఏ ఇంటినుండి కొలువునకు పోయి వచ్చునో ఆ ఇల్లు. దస్తావేజు ఉద్యోగి పేరనో, కుటుంబమువారి పేరనో, ఉభయుల పేరనో యుండవలెను. ఇచ్చట 'కుటుంబము' అను మాటకడ మన తెలుగువారు కొంచెము ఆగి ఊపిరి పీల్చుకొనవలెను. భార్య కుటుంబమే, చిన్నపిల్లలు కుటుంబమే, తనపై నాధారపడిన తల్లిదండ్రులును కుటుంబమే. కాని తన కాళ్లపై తాను నిలిచి, సగము సొమ్ము తెచ్చి, దస్తావేజులో సగము పేరు వ్రాయించుకొన్న అన్నగారు మాత్రము కుటుంబము కాడు! ఆయన సగమునకు తగినంత ఖర్చు కోసివేసి, తమ్ముని సగమునకే సర్కారు చెల్లించును. సంపాదన లేని యన్న లోపలివాడు కాగలడేమో గాని, సంపాదించి ఆదుకొన్న యన్న బయటివాడే. ఉమ్మడి కుటుంబమును దాయభాగముతో ముక్కలు చేయుటకు మన పూర్వులకు తరములు పట్టెను. వీరికి ఒక నిర్వచనము చాలినది.

ఉచితవ్యయంబు = తగిన ఖర్చు. ఇంటి వెల కాదు సుమా. వెల కట్టించుటకు, హక్కు శోధింపించుటకు, దస్తావేజు నమోదునకు, వకీలునకు నిచ్చినది ఖర్చు. అప్పిచ్చువాడు తీసికొను ఆరంభరుసుము సాధారణముగా అప్పులో నూటికొకటివరకు ఖర్చే. వడ్డి తగ్గించుకొనుటకు ముందుగా ముట్టచెప్పినది మాత్రము వడ్డియే గాని ఖర్చు కాదు. ఆస్తిపన్ను, బీమా, మరమ్మతు అసలే కావు.

మించక = దాటకుండ. ఇది హద్దే గాని వాగ్దానము కాదు. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి ఇరువదివేలు వచ్చునని లెక్క వేసికొని భార్యకు చెప్పిన యుద్యోగి, రసీదులన్నియు చేర్చగా తేలినది 4,850 అని తెలిసిన నాటి సాయంకాలము, భోజనము దగ్గర తల యెత్తడు.

విశేషము: మన కేంద్రప్రభుత్వోద్యోగి దూరపు బదిలీపై పోయినప్పుడు చివరి నెల మూలవేతనములో నూటికి 80 వంతులు ఒక్క మొత్తముగా నిత్తురు, ఇల్లు కొంటివా, అద్దెకుంటివా యని యడుగువారు లేరు. ఆ వాడుక అచ్చట లేదు గావుననే యింత టీక.

తాత్పర్యము: ప్రభుత్వము నిన్ను కదిలించినందున నీవు కాగితములపై పెట్టిన ఖర్చు, గడువులోపల, అనగా క్రొత్తచోట చేరిన యేడాదిలో, లేదా వేడుకొనగా నిచ్చిన మరొక యేడాదిలో బేరము ముగించితివేని, తిరిగి వచ్చునని భావము.

శంక: వచ్చిన సొమ్ము ఆదాయమా? ఆదాయమే, పన్ను కట్టవలసినదే. ఆ పన్ను భారమును తీర్చుటకు మరికొంత సొమ్ము నిత్తురు. అదియు ఆదాయమే గదా? అవును. దానిపైనను పన్ను గదా? అవును. ఆ పన్నుకు మరల భృతి, ఆ భృతికి మరల పన్ను, ఇట్లు తర్కశాస్త్రమున అనవస్థాదోషమనబడు గోతిలో పడితిమి గదా యన్నచో, పడలేదు. నూటికి 22 పన్నును మిగిలిన 78తో భాగించి, 0.2821 అను నొక్క సంఖ్యను 4,850తో హెచ్చవేసి, 1,368 డాలర్లు పన్నుకు జమకట్టి గుమాస్తా కాగితము కట్టివేసెను. తార్కికుడైనచో ఇప్పటికిని భాగించుచునే యుండును.