ముక్కు చీదరాదు: ఒక చీటీకి టీకా తాత్పర్యం

మూలం

పై దవడ పన్ను తీసినచోట దూది అరగంట కొరికి పట్టుకొనవలెను. ఉమ్మివేయరాదు. స్ట్రాతో త్రాగరాదు. రెండు వారములు ముక్కు చీదరాదు. తుమ్ము వచ్చినచో నోరు తెరచి తుమ్మవలెను.

అవతారిక

మత్తుసూది ప్రభావం ఇంకా దిగక, పెదవి ఒక పక్కకు వాలి, చెంప తనది కాదన్నట్టు మొద్దుబారి ఉండగా, దంతవైద్యశాల మెట్లు దిగుతున్న రోగి చేతిలో మందుల పొట్లంతోపాటు పెట్టే అరచేతి వెడల్పు కాగితం మీద ఈ మూలం దర్శనమిస్తుంది. కర్త పేరు ఏ ప్రతిలోనూ లేదు. అడిగితే ప్రతి వైద్యుడూ ఇది తన రచన కాదనీ, తాను చదువుకొనేనాటికే వ్యవహారంలో ఉన్నదనీ చెబుతాడు కనుక, దీన్ని అపౌరుషేయమని భావించడంలో దోషం లేదు. ఇన్ని చేతులు మారిన గ్రంథానికి ఇంతవరకు ఒక్క వ్యాఖ్యానమైనా రాకపోవడానికి కారణం కాఠిన్యం కాదు. చదవవలసిన సమయంలో పాఠకుడు దూది కొరికిపట్టి ఆటో కోసం చూస్తుంటాడు, దూది తీసేసరికి కాగితం కనిపించదు. మూలంలో లేనిదేదీ రాయరాదన్నది కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన మెదకు సీమ కొల్చారం వాస్తవ్యుడు మల్లినాథసూరి తనకు తాను విధించుకొన్న నియమం. దంతవైద్యుల నియమమూ ఇంచుమించు అదే, కాకపోతే వారికి మూలమంటే పంటి వేరు.

ప్రతిపదార్థం

పై దవడ = కింది దవడ కానిది; ఈ విశేషణమే గ్రంథానికంతటికీ తాళంచెవి అని ముందు ముందు తేలుతుంది. పన్ను = దంతం; సర్కారుకు చెల్లించేదానికీ ఇదే పేరు కనుక ఇక్కడ శ్లేష; సకాలంలో పట్టించుకోకపోతే వడ్డీతో సహా వసూలు కావడం రెండింటికీ సమానధర్మం. తీసినచోట = పెరికినచోట; ఇంట్లోవాళ్ళు పీకించుకొన్నారంటారు, ఊళ్ళోవాళ్ళు ఊడబెరికారంటారు, గ్రంథకర్త మాత్రం బీరువాలోంచి చీర తీసినంత సౌమ్యంగా ‘తీసిన’ అన్నాడు, ఇది ఔచిత్యం. దూది = గాయం మీద పెట్టిన గుడ్డచుట్ట. అరగంట = గడియకు ఆరు నిమిషాలు ఎక్కువ. కొరికి పట్టుకొనవలెను = నమలక, నాలుకతో కెలకక, మధ్యమధ్య తీసి అద్దంలో చూసుకోక, అదిమి ఉంచవలెను అని భావం.

తాత్పర్యం

పన్ను పోయిన గుంటలో గడ్డకట్టిన నెత్తురు కదలకుండా చూసుకొనవలెనని.

విశేషాలు

ఉమ్మడం, స్ట్రాతో పీల్చడం అనే రెండు నిషేధాలకూ హేతువు ఒక్కటే. రెండు క్రియల్లోనూ నోటిలో గాలి ఒత్తిడి తగ్గి, గుంటలో అప్పుడే కుదురుకొంటున్న నెత్తుటి గడ్డ లేచిపోతుంది. అది పోతే కింద ఎముక బయటపడి, పంటి నొప్పి ఇంతకంటె నయమనిపించే నొప్పి మూడోనాటికి మొదలవుతుంది, దీన్నే వైద్యులు డ్రై సాకెట్ అంటారు. ఈ నిషేధానికి అసలు పరీక్ష కొబ్బరిబొండాల బండి దగ్గర ఎదురవుతుంది. పన్ను తీయించుకొన్నవాడికి చలవ చేస్తుందని ఇంటిల్లిపాదీ బొండాం తాగమంటారు, బండివాడు అలవాటుగా స్ట్రా గుచ్చి చేతికిస్తాడు, రోగి మాట్లాడలేక స్ట్రా తీసి గాల్లో ఊపి గ్లాసు కోసం సైగ చేస్తాడు, బండివాడు ఇంకో స్ట్రా ఇస్తాడు.

ఇక ‘ముక్కు చీదరాదు’ అన్న నాలుగో వాక్యం దగ్గర పూర్వపక్షి లేచి నిలబడతాడు. తీసింది నోట్లో పన్ను, నిషేధించింది ముక్కు చీదడం. కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టినట్టు ఇది అప్రస్తుత ప్రసంగం కాదా అని అతని ఆక్షేపణ. దీనికి సమాధానం ‘పై దవడ’ అన్న మొదటి పదంలోనే ఉంది. ముక్కు చుట్టూ ఎముకల లోపల నాలుగు జతల గాలి గదులుంటాయి. నుదుట ఒక జత, కళ్ళ మధ్య ఒక జత, వాటి వెనుక లోతుగా ఒక జత, చెక్కిళ్ళ వెనుక ఒక జత. వీటన్నిటికీ కలిపి వాడుకలో సైనస్ అనే పేరు స్థిరపడింది, చివరకు ‘నాకు సైనస్ ఉంది’ అంటే రోగం ఉందని అర్థం వచ్చేంతగా, అది లేనివారు లోకంలో ఉన్నట్టుగా. చెక్కిలి వెనుక గది అన్నిటిలోకీ పెద్దది, పెద్దవారిలో సుమారు 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీ చెంచాలు పడుతుంది. ఆ గది నేలే పై దవడ దంతాలకు పైకప్పు. ముందరి దవడపన్నుకు పైన మూడు వేళ్ళుంటాయి. కొందరిలో ఆ వేళ్ళ కొనలకూ గది నేలకూ మధ్య కాగితమంత ఎముకే ఉంటుంది, ఇంకొందరిలో అదీ లేక పల్చని పొర మాత్రమే అడ్డుగా ఉంటుంది. రెండు వాటాల మధ్య స్లాబు పల్చనైతే పై వాటా స్నానాలగది నీళ్ళు కింది వాటా గోడకు చెమ్మగా దిగడం ఎలాగో, ఇదీ అలాగే. పన్ను తీసినపుడు ఆ స్లాబుకు సూది బెజ్జమంత చిల్లు పడినా, ముక్కు బలంగా చీదినవాడి గాలి పై వాటాలోంచి కింది గుంటలోకి దూసుకొచ్చి గడ్డను తోసేస్తుంది, చిల్లు మానదు. చిన్న చిల్లులు కదపకుండా ఉంటే వాటంతట అవే పూడుతాయి, పెద్దవాటికి కుట్లు కావాలి. నోట్లో పోసుకొన్న కాఫీ ముక్కులోంచి కారినవాడికి ఈ వాక్యం అప్రస్తుతమని ఎన్నడూ తోచదు.

సైనస్ అన్న లాటిన్ మాటకు మడత, ఒడి, గుంట అని అర్థాలు. ఈ మాట గణితంలో చేరిన కథ మనవారు గుర్తుంచుకోదగ్గది: భారతీయ గణితజ్ఞుల ‘జ్యా’, ‘జీవా’ శబ్దాలను అరబ్బులు తమ లిపిలో జీబ అని రాసుకొన్నారు, అచ్చులు రాయని ఆ లిపిలో దాన్ని తరువాతివారు జైబ్ అని చదివారు, జైబ్ అంటే బట్ట మడత, జేబు కనుక 12వ శతాబ్దిలో లాటిన్‌లోకి తెచ్చినవారు దాన్ని సైనస్ అని అనువదించారు. తెలుగులో చొక్కాకుండే జేబు కూడా ఆ అరబ్బీ జైబే. కాబట్టి సైనస్ వైద్యానికి వెళ్ళినవాడి జేబు ఖాళీ కావడం యాదృచ్ఛికం కాదు, శబ్దార్థసంబంధం నిత్యమని మీమాంసకులు ఊరికే అనలేదు.

చెక్కిలి గదికి వైద్యగ్రంథాల్లో చాలాకాలం ఇంగ్లండు వైద్యుడు నథానియేల్ హైమోర్ పేరు ఉండేది. నిజానికి లియొనార్డో డావిన్చీ 1489 నాటి కపాల చిత్రాల్లోనే దాన్ని గీశాడు, కాని అవి శతాబ్దాలపాటు లోకానికి కనబడలేదు. హైమోర్ 1651లో హేగ్ నగరంలో అచ్చయిన తన శరీరశాస్త్ర గ్రంథంలో ఒక స్త్రీ సంగతి రాశాడు. కోరపన్ను తీయించుకొన్నాక ఆమెకు ఆ రంధ్రంలోంచి చీము కారడం ఆగలేదు. ఆమె ఎంత లోతుందో చూద్దామని మొదట ఒక వెండి కడ్డీ, ఆ తరువాత అంచులు ఒలిచిన పక్షి ఈక లోపలికి పోనిస్తే అది దాదాపు మొత్తం దిగింది. మెదడు దాకా పోయిందని ఆమె హడలిపోయింది. ఈక గదిలో చుట్టుకొని తిరిగిందే తప్ప మెదడు జోలికి పోలేదని హైమోర్ ఆమెకు ధైర్యం చెప్పాడు. ప్రస్తుత మూలంలో ‘ఈక పెట్టి చూడరాదు’ అన్న వాక్యం లేకపోవడం గ్రంథకర్తకు పాఠకుల మీద ఉన్న నమ్మకానికి నిదర్శనం, ఆ నమ్మకం ఎంతవరకు సబబో టూత్‌పిక్కులు అమ్మేవారికి తెలుసు.

పడిశం పది రోగాల పెట్టు అన్న సామెతలోని పడిశం, సంస్కృత ప్రతిశ్యాయ శబ్దానికి వికృతి. పది రోగాల్లో మొదటిది ఈ గదుల వాపు, అది 12 వారాలు దాటితే దీర్ఘవ్యాధి అని వైద్యుల లెక్క. చెక్కిలి గది ఇంతగా మొండికేయడానికి కారణం దాని కట్టడమే: ఏ తొట్టికైనా కారే రంధ్రం అడుగున ఉంటుంది, ఈ గదికి మాత్రం ముక్కులోకి తెరుచుకొనే ద్వారం పైకప్పు దగ్గర ఉంది. గోడలకున్న కంటికి కనిపించని సన్నని నూగు అహోరాత్రాలు అలల్లా ఊగి కఫాన్ని ఎదురెక్కించి ఆ ద్వారం దాకా మోస్తుంది. జలుబుతో ద్వారం వాచి మూసుకొన్నా, నూగు అలసిపోయినా, సరుకంతా కిందనే నిలిచి, దంతాల వేళ్ళ మీద కూర్చుంటుంది. అప్పుడు కింద ఏ దోషమూ లేని పళ్ళు పోటు పెడతాయి.

ఇక్కడ నైయాయికులు చెప్పే అన్యోన్యాశ్రయ దోషం సాక్షాత్కరిస్తుంది. పై దవడ దంతాలకు వెళ్ళే నరాలు ఈ గది గోడల్లోంచే పోతాయి కనుక, గడప మీది దీపం ఇంటికీ వాకిటికీ వెలుగిచ్చినట్టు ఒకే నరం రెండు వాటాల బాధనూ మోస్తుంది. పై వాటాలో చెమ్మ చేరితే పన్ను నొస్తుంది, పన్ను పిప్పి వేరు దాకా కుళ్ళితే పై వాటాలో చీము చేరుతుంది. పంటినొప్పి అని వెళితే పంటివైద్యుడు పన్ను బాగుందని ముక్కు వైద్యుడి దగ్గరికి పంపుతాడు, ఆయన స్కాను చూసి గది నేల దగ్గరే మరక ఉంది, ముందు పన్ను చూపించమంటాడు. స్లాబు లీకు విషయంలో పై వాటా యజమానీ కింది వాటా యజమానీ ఆడే ఆట ఇదే, బకెట్ పెట్టుకొని మధ్య కూర్చొనేవాడు రోగి. గుర్తులు కొన్ని ఉన్నాయి: పై వరసలో నాలుగైదు పళ్ళు ఒక్కసారే బరువుగా నొచ్చి, బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగితే ఎక్కువైతే అనుమానం ముక్కు మీదికి పోవాలి, ఒకే పన్ను చన్నీళ్ళకు జివ్వుమన్నా, వేడి కాఫీకి పోటెత్తి గుక్క మింగాక కూడా వదలకపోయినా పంటి మీదికి పోవాలి, ఒక్క ముక్కురంధ్రం నుంచే దుర్వాసనతో కారుతూ, మందులు వాడినన్నాళ్ళూ తగ్గి మళ్ళీ మొదటికొస్తే పై వాటా గొడవకు కింది వాటాలో కారణం వెతకాలి. పూర్వులకు ఈ తిరుగుడు లేదు. ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో ఒకటైన శాలాక్యం కంఠానికి పైనున్న కన్ను, ముక్కు, చెవి, నోరు, పళ్ళు అన్నిటినీ ఒకే వైద్యుడికి అప్పగించింది. ఆ పేరు శలాక, అంటే పుల్లవంటి పరికరం, నుంచి వచ్చింది. విడదీసినందువల్ల శాస్త్రం పెరిగింది, కాదనలేము, ఆటో ఖర్చు కూడా పెరిగింది.

పన్ను తీయక నిలుపుకొన్నవారికి రూట్ కెనాల్ అనే సంస్కారం విహితం: లోపలి నరాన్నీ కుళ్ళునూ తోడేసి, వేళ్ళ గొట్టాలను గట్టాపర్చాతో నింపి, పైన క్యాప్ తొడుగుతారు. గట్టిగా పరచునది కనుక గట్టాపర్చా అని వ్యుత్పత్తి చెప్పవచ్చునేమో గాని అది అసాధువు. అది మలయా ద్వీపాల చెట్టుపాలు, మొదటి భాగం ఆ భాషలో జిగురుపాలకు పేరు. 19వ శతాబ్దిలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫు తీగలకు ఇదే తొడుగు.

చీదరాదన్న రెండు వారాలు జలుబు రాకుండా ఉంటుందన్న హామీ లేదు కనుక ఉపాయాలు చెప్పవలసి ఉంది. వావిలాకు, పసుపు వేసిన ఆవిరి ఒక సంప్రదాయం. దుప్పటి కప్పుకొని గిన్నె మీదికి వంగినవారు గిన్నె తన్నుకోకుండా చూసుకోవాలన్నదే దీనిలో ప్రధాన షరతు. హైదరాబాదులో 1920 నుంచి వస్తున్న జిందా తిలిస్మాత్ రెండు చుక్కలు వేయడం ఇంకో సంప్రదాయం. ఆ కార్ఖానావారే ఫారూఖీ పళ్ళపొడి కూడా చేస్తారు. వైద్యులు విడదీసిన ముక్కునూ పంటినీ ఒక చూరు కింద ఉంచినవారు వీరొక్కరే అని వ్యాఖ్యాతకు తోస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం రాస్తే దిబ్బడ తెరుచుకొన్నట్టుంటుంది, అయితే అందులోని పుదీనా పువ్వు చల్లదనం తెలిపే నరాన్ని తట్టి గాలి ఆడుతున్నట్టు భ్రమ కలిగిస్తుందే గాని దారిని వెడల్పు చేయదు. మాయావాదానికి ఇంతకంటె చేరువ దృష్టాంతం దొరకదు. ముక్కు చుక్కల మందు నిజంగానే తెరుస్తుంది, కాని అయిదారు రోజులు మించి వాడితే మందు వేసినపుడే తెరుచుకొనే అలవాటు ముక్కుకు పట్టుకొంటుంది. ఉప్పునీటితో ముక్కు కడగడం, అంటే నేతి, అన్నిటికంటె నమ్మదగినది. పావు లీటరు నీటికి అర చెంచా ఉప్పు చాలు, నీళ్ళు మాత్రం కాచి చల్లార్చినవే కావాలి. పన్ను తీసిన కొత్తలో మాత్రం ఇది కూడా వైద్యుణ్ణి అడిగే చేయాలి, చిల్లుంటే ఉప్పునీరు ఏ వాటాలో తేలుతుందో చెప్పలేము.

చివరి వాక్యంలో ధర్మసంకటం ఉంది. తుమ్మును నోరు మూసి అణిస్తే గాలి ఒత్తిడంతా కొత్త గాయం మీదే పడుతుంది కనుక నోరు తెరవమన్నారు; 2020 తరువాత మాత్రం లోకమంతా నోరు మూసుకొని తుమ్మమని నేర్చుకొంది. నోరు తెరచి, మోచేయి అడ్డుపెట్టుకొని తుమ్మడంతో రెండు శాసనాలకూ సమన్వయం కుదురుతుంది. శకునశాస్త్రం ఒంటి తుమ్మును అశుభమంటుంది. పెద్దలు ‘చిరంజీవ’ అంటారు. రెండిటి మధ్యా ఆగి రెండో తుమ్ము కోసం ఎదురుచూసే రోగి అప్పటికే నాలుకతో గుంటను తడుముకొని గడ్డ ఉందో లేదో చూసుకొంటుంటాడు, అదీ నిషిద్ధమే, మూలంలో లేకపోయినా.

‘రెండు వారములు’ అన్నచోట ‘పది దినములు’ అని కొన్ని ప్రతుల్లో పాఠాంతరం. చీటీ వెనుక పక్క బాల్‌పెన్నుతో రాసిన రెండు అంకెలు కనిపిస్తాయి, ఒకటి మళ్ళీ రావలసిన తేదీ, రెండోది ఇంకా కట్టవలసిన బాకీ. ఇవి తరువాత చేర్చిన ప్రక్షిప్తాలని రోగుల పక్షం వాదిస్తుంది గాని, దొరికిన ప్రతులన్నిటిలోనూ ఉన్నాయి కనుక మూలంలోవే.