ముప్ఫై సెకన్ల కచేరీ

రింగ్‌టోన్ అంటే ఒకప్పుడు ఫోనొచ్చిందని చెప్పే మోత. ఇప్పుడది మన అభిరుచికీ, సంస్కారానికీ ధ్రువపత్రం. కంపెనీవాడు పెట్టిచ్చిన మోతే మోగుతోందంటే ఆ మనిషికి సొంత బుర్ర లేనట్టే లెక్క. ఈ సిద్ధాంతం మా బావమరిదిది. "నా రింగ్‌టోన్ నా వ్యక్తిత్వం బావా!" అంటాడు. నాణ్యత తగ్గకూడదని 320 కేబీపీఎస్‌లో దాచినా ఆ వ్యక్తిత్వం మొత్తం కలిపి 1.2 ఎంబీ.

అది తయారయ్యే తీరు చూసి తీరాలి. ఆదివారం పొద్దున్నే కంప్యూటర్లో ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ తెరుస్తాడు. పాట నీలం రంగు గీతలుగా తెరంతా పరుచుకుంటుంది. సినిమా పాటకి పల్లవి ముందు వయొలిన్లు, వాటికి ముందు కోరస్ ఆలాపన ఉంటాయి కదా, ఎక్కడ కొయ్యాలన్నది సమస్య. అన్నీ ఉంచితే పల్లవి రాకముందే ఫోను ఆగిపోతుంది. తీసేస్తే గాయకుడు ఊపిరి పీల్చుకోకుండానే అరిచినట్టుంటుంది. మౌసుతో ఒక ముక్క పట్టుకుంటాడు, వింటాడు, పెదవి విరుస్తాడు, అండూ కొడతాడు. అదే ముక్క ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. మొదలు కుదిరిందిగానీ చివర కుదరదు. నాయిక పేరు సరిగ్గా సగంలో తెగుతోంది. అన్నానికి పిలిస్తే "ఎడిటింగులో ఉన్నా" అని జవాబు.

అన్నీ అయ్యాక మెరుగు కోసం ఫేడ్ ఇన్ పెడతాడు. అంటే పాట సున్నా నుంచి మెల్లమెల్లగా పైకి లేస్తుంది. వినసొంపుగానే ఉంటుంది, వినపడితే. మొదటి నాలుగైదు సెకన్లు ఎవరికీ వినపడదు, ఫోను ప్యాంటు జేబులో ఉంటే ఆ తర్వాత కూడా వినపడదు. ఠక్కున వినపడటం గంటకి ఉండాల్సిన ఏకైక లక్షణం. దాన్ని పూటంతా కూర్చుని, శ్రద్ధగా, సాఫ్ట్‌వేర్ పెట్టి మరీ తొలగించాడన్నమాట.

ఇంతకీ ఈ కచేరీకి దొరికే సమయమెంత? 2019లో జియో, ఎయిర్‌టెల్ కొట్టుకున్నాయి గుర్తుందా? అప్పట్లో ఒక నెట్‌వర్కు నుంచి ఇంకో నెట్‌వర్కుకి వెళ్ళే కాల్‌కి నిమిషానికి 6 పైసలు కట్టాల్సి వచ్చేది. ఫోను తక్కువసేపు మోగితే మిస్డ్ కాల్ అవుతుంది, అవతలివాడే తిరిగి చేస్తాడు, 6 పైసలూ అవతలి కంపెనీ నెత్తిన పడతాయి. అందుకని మోత సమయాన్ని కోసుకుంటూ పోయారు. చివరికి టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ కల్పించుకుని, ఎత్తకా కట్ చెయ్యకా వదిలేస్తే మొబైల్ 30 సెకన్లు, ల్యాండ్‌లైన్ 60 సెకన్లు మోగాలని తేల్చింది. మా వాడి కళాజీవితానికి ప్రభుత్వం మంజూరు చేసిన గడువది. ఫోను వెంటనే ఎత్తితే పాట పాడవుతుంది, పాట పూర్తిగా వింటే ఫోను పోతుంది. పల్లవి అయ్యాక ఎత్తుదామని చెయ్యి గాల్లో ఆపి కూర్చున్నవాళ్ళని నా కళ్ళారా చూశాను. అవతల ఎవరో ఆస్పత్రి నుంచి చేస్తున్నా సరే, చరణం అడ్డొస్తుంది.

ఇక ఆ 320 కేబీపీఎస్ బయటికొచ్చేది ఎక్కణ్ణుంచి? ఫోను అడుగున గోరంత సందులోంచి. మృదంగం తొప్పి, బేస్ గిటారు దాంట్లోంచి రావు, రాలేవు. మిగిలేది తాళం చప్పుడూ గాయని పైస్థాయీ.

ఐఫోను భక్తుల తపస్సు ఇంకొంచెం కఠినం. 2007లో ఆపిల్ ఏం చేసిందంటే, 99 సెంట్లు పెట్టి కొన్న పాటని మోతగా మార్చుకోవాలంటే ఇంకో 99 సెంట్లు కట్టమంది. జనం దారి కనిపెట్టారు. ఐట్యూన్స్‌లో ముక్క కోసి, ఎం4ఏ అని ఉన్న ఫైలుని ఎం4ఆర్ అని పేరు మారిస్తే చాలు. లోపల పాట అదే, మారేది ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరానికి ఎందరి రాత్రులు కాలిపోయాయో! విండోస్‌లో ఫైలు తోక కనపడకుండా దాచి ఉంటుంది. మనం ఎం4ఆర్ అని కొట్టి మురిసిపోతాం, లోపల అది "ఎం4ఆర్.ఎం4ఏ" అయి కూర్చుంటుంది, ఫోను ఛీ పొమ్మంటుంది. 2017లో ఐట్యూన్స్‌లోంచి రింగ్‌టోన్ల అరే ఎత్తేశారు. ఆపైన గ్యారేజ్‌బ్యాండ్, అంటే ఒక మోత కోసం పూర్తి సంగీత స్టూడియో. 2025లో ఐఓఎస్ 26 వచ్చాక గానీ, 30 సెకన్ల లోపు ఫైలుంటే నేరుగా పెట్టుకో నాయనా అనలేదు. ఆండ్రాయిడ్ వాడు రింగ్‌టోన్స్ ఫోల్డర్లో ఎంపీ3 పడేసి ఎప్పుడో భోంచేసి పడుకున్నాడు.

సరే, ఇంత శ్రమపడి సాధించిన ప్రత్యేకత ఏపాటిదో చూడాలంటే ఫంక్షన్ హాలుకి వెళ్ళండి. ఆ నెల హిట్టయిన పాట ఏదో మూల మోగుతుంది. వరుసంతా ఒక్కసారి జేబులు తడుముకుంటుంది. ఆడవాళ్ళు హ్యాండ్‌బ్యాగులు తెరుస్తారు. ఎవరికి వారు సొంతంగా కోసుకున్న వ్యక్తిత్వమే, కోత మాత్రం అందరిదీ ఒకేచోట. పరామర్శకెళ్ళిన చోట డప్పు పాట మోగితే, ఫోటోకి దండ వేస్తున్న పెద్దమనిషి ముఖం నేను వర్ణించలేను. భక్తులది మరో చిక్కు. శ్లోకం సగంలో ఉండగా స్వామివారి నోరు నొక్కి "చెప్పరా, డబ్బులు పడ్డాయా?" అంటారు. పసిపిల్ల ఏడుపుని టోన్‌గా పెట్టుకునే తండ్రులున్నారు, బస్సులో వాళ్ళ పక్కన కూర్చున్న తల్లులకే తెలుస్తుంది ఆ బాధ. నోకియా రోజుల్లో మోగిందీ ఎవరి సొంతమూ కాదు, స్పెయిన్ గిటారిస్టు తారెగా 1902లో కట్టిన వాల్ట్జ్‌లో చిన్న ముక్క. అయినా అది మోగితే ఫోనొచ్చిందని పశువులకి కూడా తెలిసేది.

ఈ మోత గొడవ కోర్టుకి కూడా ఎక్కింది. అమెరికాలో పాటకర్తల సంఘం ఆస్కాప్, నలుగురిలో రింగ్‌టోన్ మోగితే అది బహిరంగ ప్రదర్శన కింద లెక్క, సెల్ కంపెనీలు రుసుము కట్టాలి అని వాదించింది. 2009లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అక్కర్లేదని కొట్టేసింది. పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి సాక్షిగా పిలిచి ఉంటే తీర్పు వేరేగా ఉండేదని నా నమ్మకం. శ్రోతకి నష్టపరిహారం కూడా ఇప్పించేవారు.

మా బావమరిది ఈమధ్య కాస్త దిగాలుగా ఉన్నాడు. చుట్టాలూ స్నేహితులూ అందరూ వాట్సాప్‌లోనే చేస్తున్నారు, వాడి ఫోన్లో దాని మోత వేరు. ఆఫీసులో ఫోను సైలెంటు. పూటంతా కూర్చుని చెక్కిన ఆ పాట మోగేది 140తో మొదలయ్యే నంబర్లకే. మొన్న మా ఇంట్లో ఉండగా మోగింది. కళ్ళు మూసుకుని పల్లవి దాకా విన్నాడు, అప్పుడు ఎత్తాడు. పర్సనల్ లోనట, వడ్డీ కూడా చాలా తక్కువట.